కొత్త కంప్యూటర్‌లో పాత ప్రోగ్రామ్ మొరాయిస్తే

తిరుపతి లాడ్జిలో గదుల రిజిస్టర్ కానివ్వండి, చిత్తూరు మామిడి మండీలో కాటా బిల్లు కానివ్వండి, ఇరవై ఏళ్ల కిందట ఎవరో కుర్రాడు రాసిచ్చిన ప్రోగ్రామే ఇంకా నడిచే చోట్లు ఉన్నాయి. రాసినవాడు బెంగళూరులో సెటిలైపోయి ఉంటాడు, ఫోన్ ఎత్తడు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ఆగిపోవడంతో, విండోస్ 11 మెషీన్ కొన్నవాళ్లకు ఈ తలనొప్పి మొదలైంది.

దేన్నీ ముట్టుకోకముందే పాత కంప్యూటర్‌లోని ఆ ప్రోగ్రామ్ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. స్క్రీన్ మీద వచ్చిన మెసేజ్‌ను ఫోన్‌తో ఫొటో తీయండి. "ఏదో ఎర్రర్ వచ్చిందన్నా" అంటే ఎవరూ ఏమీ తేల్చలేరు.

సమస్య: 'దిస్ యాప్ కాంట్ రన్ ఆన్ యువర్ పీసీ' అంటోంది

చాలాసార్లు అది 16 బిట్ ప్రోగ్రామ్ అయి ఉంటుంది. విండోస్‌కు ముందున్న డాస్ మీద ఫాక్స్‌ప్రో, టర్బో సీ లాంటివాటితో ప్రోగ్రాములు రాసిన కాలం నాటిదన్నమాట. వీటిని నడిపే ఎన్‌టీవీడీఎం అనే భాగం 32 బిట్ విండోస్‌లోనే ఉంటుంది, 64 బిట్‌లో లేదు. విండోస్ 11 వచ్చేదే 64 బిట్‌లో. "నిన్నటిదాకా నడిచింది కదా" అంటే, నిన్నటి మెషీన్‌లో ఉన్నది 32 బిట్ విండోస్ కాబట్టి.

చాలామంది వెంటనే ప్రాపర్టీస్‌లోకి వెళ్లి కంపాటిబిలిటీ మోడ్ టిక్ పెడతారు. అది ముఖ్యంగా చేసే పని, ఇది పాత విండోసేనని ప్రోగ్రామ్‌కు అబద్ధం చెప్పడం. లేని భాగాన్ని అది తెచ్చిపెట్టలేదు. డాస్ ప్రోగ్రామ్ అయితే పాత డాస్ కంప్యూటర్‌ను అనుకరించే డాస్‌బాక్స్ వేసుకోండి, ఉచితమే. కాకపోతే అది పాత గేముల కోసం పుట్టింది. ఇద్దరు ముగ్గురు ఒకే డేటా ఫైల్‌ను ఒకేసారి తెరిచే ఆఫీసుల్లో దాన్ని నమ్ముకోవద్దు, రికార్డులను వెతికిపెట్టే ఇండెక్స్ ఫైల్ పాడవచ్చు. అలాంటి చోట ఇదే రకానికి చెందిన వీడాస్ గానీ డాస్‌బాక్స్ ఎక్స్ గానీ నయం.

సమస్య: కాటా బరువు స్క్రీన్ మీదకు రావడం లేదు

తోతాపురి సీజన్‌లో ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడి ఉన్నప్పుడు ఇది వస్తే టెన్షన్ అంతా ఇంతా కాదు. కాటా ఇండికేటర్ బరువును 9 పిన్నుల సీరియల్ కేబుల్‌లో పంపుతుంది. కొత్త కంప్యూటర్లలో చాలావాటికి ఆ పోర్టే లేదు. యూఎస్‌బీ కన్వర్టర్ పెడితే విండోస్ ఆ సీరియల్ పోర్ట్‌కు కామ్5 అనో, కామ్7 అనో నంబర్ ఇస్తుంది. పాత ప్రోగ్రామ్‌కు తెలిసింది కామ్1, కామ్2 మాత్రమే.

డివైస్ మేనేజర్‌లో పోర్ట్స్ కింద ఆ కన్వర్టర్‌ను డబుల్ క్లిక్ చేయండి. పోర్ట్ సెట్టింగ్స్, తర్వాత అడ్వాన్స్‌డ్. అక్కడ నంబర్‌ను కామ్1కు మార్చండి. పక్కన 'ఇన్ యూజ్' అని కనిపిస్తే కంగారు వద్దు, ఎప్పుడో పెట్టి తీసేసిన పరికరం పేరు మిగిలిపోయి కూడా అలా చూపిస్తుంది. నిజంగా ఇంకేదీ వాడటం లేదని చూసుకుని మార్చేయండి. డాస్‌బాక్స్‌లో నడుపుతుంటే దాని కాన్ఫిగ్ ఫైల్‌లోనూ ఈ పోర్ట్ రాయాలి.

బరువుకు బదులు పిచ్చి అక్షరాలు వస్తే వెంటనే కేబుల్‌ను తిట్టకండి, చాలాసార్లు డేటా పంపే వేగం, అంటే బాడ్ రేట్ కలవకపోవడమే కారణం. పాత కంప్యూటర్‌లో 2400 ఉందో 9600 ఉందో చూసి అదే పెట్టండి. ఒకసారి కుదిరాక కన్వర్టర్‌ను ఆ రంధ్రంలోంచి తీయకండి. వేరే దాంట్లో పెడితే కొన్ని రకాలకు నంబర్ మళ్లీ మారిపోతుంది.

సమస్య: బిల్లు ప్రింట్ కావడం లేదు

డాస్ ప్రోగ్రామ్ నేరుగా ఎల్‌పీటీ1 అనే పాత ప్రింటర్ పోర్ట్‌కు పంపుతుంది, మీ డాట్ మ్యాట్రిక్స్ ఉన్నదేమో యూఎస్‌బీ మీద. ప్రోగ్రామ్ 32 బిట్ విండోస్‌లో నేరుగా నడుస్తుంటే ప్రింటర్‌ను షేర్ చేసి, నెట్ యూజ్ కమాండ్‌తో ఎల్‌పీటీ1ను ఆ షేర్ పేరుకు కలపండి. మామూలు డాస్‌బాక్స్‌లో మాత్రం ఇది పని చేయదు. వీడాస్ అయితే ఈ పని లేకుండానే విండోస్ ప్రింటర్‌కు పంపుతుంది.

సమస్య: పొద్దున అమ్మాయి ఎక్కించిన ఎంట్రీలు సాయంత్రం అబ్బాయికి కనిపించవు

దొంగతనం కాదు, గొడవ పడకండి. విస్టా నుంచి విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో మామూలు యూజర్లను రాయనివ్వదు. పాత 32 బిట్ ప్రోగ్రామ్ రాయబోతే చప్పుడు లేకుండా ఆ యూజర్ సొంత వర్చువల్‌స్టోర్‌లోకి మళ్లిస్తుంది. ఇద్దరూ వేరే లాగిన్లు వాడితే రెండు కాపీలు తయారవుతాయి. యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్ వరుసలో వెతికితే రెండూ దొరుకుతాయి. ముందు వాటిని కలిపి, ప్రోగ్రామ్‌ను నేరుగా సీ డ్రైవ్‌లో వేరే ఫోల్డర్‌లోకి మార్చండి.

సమస్య: 'రన్‌టైమ్ ఎర్రర్ 339', లేదా తేదీలు తారుమారు

ఇవి విజువల్ బేసిక్ 6 ప్రోగ్రాముల్లో మామూలే. 339 వస్తే మెసేజ్‌లో పేరున్న ఓసీఎక్స్ ఫైల్‌ను, అంటే ప్రోగ్రామ్‌కు కావలసిన విడి భాగాన్ని, పాత మెషీన్ నుంచి తెచ్చి సిస్‌వావ్64 ఫోల్డర్‌లో పెట్టి, అడ్మిన్‌గా రెగ్‌ఎస్‌వీఆర్32తో రిజిస్టర్ చేయాలి. పేరులో 64 ఉన్నా 32 బిట్ ఫైళ్లు ఉండేది అక్కడే. ఈ పేర్లు పెట్టినవాళ్లకు దండం పెట్టాలి. జూన్ 3 కాస్తా మార్చి 6 అయితే రీజియన్‌ను ఇంగ్లిష్ ఇండియాకు మార్చండి.

ఏదీ కుదరకపోతే

కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్‌లో లైసెన్స్ ఉన్న 32 బిట్ విండోస్ వేసి, దాని నెట్‌వర్క్ తీసేసి అందులో నడపండి. ప్రోగ్రామ్‌కు పాత ప్రింటర్ పోర్ట్‌లో తగిలించే డాంగిల్ తాళం ఉంటే మాత్రం ఇదీ పని చేయకపోవచ్చు. అప్పుడు పాత కంప్యూటర్‌నే ఇంటర్నెట్ పీకేసి వాడుకుంటూ, రోజూ షాపు మూసేముందు డేటాను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి.