శీతాకాలంలో కోనసీమకు సైకిల్ మీద

నవంబరులో తుపాన్ల భయం ఉంటుంది. అందుకే నేను సంక్రాంతి దాటాకే బయలుదేరతాను. నరసాపురం రేవులో సైకిల్‌ను పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కించి గోదావరి పాయ వశిష్ఠ దాటితే సఖినేటిపల్లి, అక్కడి నుంచి అంతర్వేది. చలి పెద్దగా ఉండదు, తడే అసలు శత్రువు. వాన లేకపోయినా తెల్లవారేసరికి మంచుకు గుడారం నీళ్లు కారుతుంది. దుప్పటి, పొడిబట్టలు, అగ్గిపెట్టె వేరువేరు ప్లాస్టిక్ సంచుల్లో మూతి బిగించి కట్టండి. కింద పరిచే టార్పాలిన్ అంచులు గుడారం దాటి బయటికి రాకుండా లోపలికి మడవండి. ఒకసారి నేను మడవలేదు, రాత్రి జల్లుకు పక్కంతా తడిసింది. కాలువ గట్టు మీద బంకమట్టి చక్రానికీ మడ్గార్డుకీ మధ్య ఇరుక్కుంటుంది, గీకడానికి ఒక పుల్ల ఉంచుకోండి. కొబ్బరిచెట్ల కింద మాత్రం ఎప్పుడూ పడుకోవద్దు. రైతును అడిగి, ఖాళీ కళ్లంలో గుడారం వేసుకోండి. ఉప్పుగాలి తగిలిన గొలుసును ఇంటికి రాగానే తుడిచి నూనె పెట్టండి.