పాత ట్రక్కుకి స్టీరియో బిగిస్తున్నారా? బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేకుండా వైరు లాగొద్దు

ఈమధ్య నాకు తెలిసిన ఒకాయన పాత ట్రక్కు క్యాబిన్ మొత్తం కాలిపోయింది. ఇంజనుకి ఏమీ కాలేదు, టైర్లకి ఏమీ కాలేదు. పోయిందల్లా డాష్‌బోర్డు, సీటు, ఏళ్లతరబడి వెతికి తెచ్చుకున్న మీటర్లు. అప్పటికి బండి ఆపి ఉంది, తాళంచెవి ఆయన జేబులో ఉంది, స్టీరియో ఆఫ్‌లో ఉంది. బ్యాటరీ ప్లస్ నుంచి లోపలికి లాగిన వైరు, ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడ అంచు మీద ఒరుసుకుని ఒరుసుకుని తొడుగు చిరిగింది. ఆ వైరుకి బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేదు. స్టీరియో సెట్టు వెనకాల మాత్రం ఉంది. తీసి చూస్తే అది పోలేదు కూడా.

నేను చూసినంతలో, స్టీరియో పేరుతో పాడైన పాత బళ్లలో చాలావాటిని ముంచింది ఈ ఒక్క తప్పే. సెట్టుతోపాటు ఫ్యూజు వచ్చింది కదా, మళ్లీ ఇంకోటి దేనికని వదిలేస్తారు. ఫ్యూజు కాపాడేది దాని తర్వాత ఉన్నదాన్ని. సెట్టు వెనకాల ఉన్నది సెట్టుని కాపాడుతుంది, బ్యాటరీ నుంచి అక్కడిదాకా వచ్చే వైరుకి దానివల్ల ఒరిగేదేమీ లేదు. దారిలో ఆ వైరు ఎక్కడ రేకుకి తగిలితే కరెంటు అక్కడే బాడీలోకి దిగిపోతుంది. సెట్టుదాకా రానే రాదు, కాబట్టి అక్కడి ఫ్యూజు పోదు.

స్టార్టరు మోటారుని తిప్పే బ్యాటరీ అది. షార్టు అయితే వందల ఆంపియర్లు వదులుతుంది. పది, పదిహేను ఆంపియర్లకి సరిపోయే సన్న వైరులో అంత కరెంటు పారితే అది క్షణాల్లో హీటరు కాయిల్ అయిపోతుంది. రాగి కరిగి తెగిపోవాలంటే 1,085 డిగ్రీల వేడి రావాలి. ప్లాస్టిక్ తొడుగు కరిగి ఊడటానికి అందులో ఐదోవంతు వేడి కూడా అక్కర్లేదు. ఈలోపు తీగ ఎర్రగా కాలుతూ పక్కనున్నవాటన్నిటినీ అంటిస్తుంది. పాత ట్రక్కులో ఆ పక్కన ఉండేవేమిటి? నూలు అల్లిక తొడుగున్న వైర్లు, ఎండి పెళుసెక్కిన రబ్బరు, దశాబ్దాల గ్రీజూ దుమ్మూ.

అందుకే మొదటి నియమం. బ్యాటరీ టెర్మినల్ నుంచి జానెడు దూరంలో ఫ్యూజు హోల్డరు పెట్టండి. మరీ కుదరకపోతే మూరెడు లోపు, అంతకు మించి వద్దు. సెట్టు వెనక ఉన్న ఫ్యూజుని తీసెయ్యమని కాదు, దానికి తోడు ఇది కూడా ఉండాలి. దీని విలువని వైరు మందాన్ని బట్టి ఎంచుకోవాలి, పాట ఎంత గట్టిగా కావాలన్నదాన్ని బట్టి కాదు. విడిగా ఆంప్లిఫయరు లేని మామూలు సెట్టుకి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 15 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతాయి. సెట్టు మీద 10 అని ఉంటే ఇక్కడా 10 పెట్టండి. ఆంప్లిఫయరు కూడా ఉంటే దాని మీద ఉన్న ఫ్యూజుల విలువ కూడి, ఆ మొత్తాన్ని తట్టుకునే లావు వైరుని విడిగా లాగండి. దానికీ బ్యాటరీ దగ్గర దాని ఫ్యూజు దానికి ఉండాలి.

బ్యాటరీదాకా పోవడం దేనికి, పాత ఫ్యూజు బాక్సులోంచి కలిపేస్తే సరిపోదా అని అడుగుతారు. ఆ బాక్సులో చాలాసార్లు ఉండేవి రెండో మూడో గాజు ఫ్యూజులు. లైట్లకీ హారనుకీ సరిపోయేలా లెక్కేసి పెట్టినవి. అరవై, డెబ్బై ఏళ్ల కిందటి వైరు మీద ఇంకో బరువు వెయ్యకండి. పైగా చాలా ట్రక్కుల్లో స్టార్టరుది తప్ప బండి కరెంటంతా డాష్‌లోని ఆమ్మీటరు (కరెంటు కొలిచే మీటరు) గుండా పోతుంది. దాని వెనక బోల్టులు తాళం తీసేసినా బ్యాటరీతో కలిసే ఉంటాయి. సెట్టు బ్రాకెట్టు ఆ బోల్టుకి తగిలిందంటే చాలు, మంట పుడుతుంది. దగ్గర్లో ఉంది కదా అని అక్కడినుంచి లైను తీసేవాళ్లు ఉన్నారు. ఫ్యూజు లేని వైరు లాగడం కిందకే అదీ వస్తుంది.

ముందు వోల్టేజీ, ఆ తర్వాతే సెట్టు

ఇప్పుడు దొరికే కారు స్టీరియోలన్నీ దాదాపుగా 12 వోల్టులకి, మైనస్ బాడీకి కలిసిన బళ్లకి తయారైనవే. మీ ట్రక్కు అలాంటిదో కాదో సెట్టు కొనకముందే తేల్చుకోండి. ఫోర్డు ట్రక్కులు 1955 దాకా 6 వోల్టులు, అందులోనూ ప్లస్ ఎర్తు, అంటే బ్యాటరీ ప్లస్ బాడీకి కలిసి ఉండేవి. 1956లో 12 వోల్టుల మైనస్ ఎర్తుకి మారాయి. షెవర్లే 6 వోల్టుల రోజుల్లో కూడా మైనస్ ఎర్తే. 1955లో మాత్రం ముందు వచ్చినవి 6 వోల్టులు, ఆ ఏడే తర్వాత వచ్చిన సిరీస్ 12 వోల్టులు, కాబట్టి సంవత్సరం ఒక్కటి చూసి చెప్పలేం. బ్రిటిష్ బళ్లలో ప్లస్ ఎర్తు 1960లలోనూ కనిపిస్తుంది. పెద్ద లారీలైతే 24 వోల్టులు.

పుస్తకాన్ని కూడా పూర్తిగా నమ్మొద్దు, మధ్యలో ఎవరైనా మార్చి ఉండొచ్చు. ఇంజను ఆపి మల్టీమీటరుతో కొలవండి. నిండుగా ఛార్జయిన బ్యాటరీ అయితే 6.3, 12.6, 25.2, ఈ మూడింటిలో ఒకదానికి దగ్గరగా చూపిస్తుంది. తర్వాత బాడీకి బిగించిన లావు కేబులు ఏ టెర్మినల్ నుంచి వచ్చిందో కళ్లారా చూడండి.

ప్లస్ ఎర్తు బండిలో మామూలు సెట్టు పెడితే ఏం జరుగుతుందంటే, సెట్టు పైడబ్బా దాని మైనస్‌కి కలిసి ఉంటుంది, మీ డాష్ రేకేమో ప్లస్. వైర్లు సరిగ్గానే కలిపినా డబ్బా రేకుకి తగిలిన క్షణం నేరుగా షార్టు. ప్లాస్టిక్ ముక్కలు అడ్డం పెట్టి బిగించినా సరిపోదు, ఏరియల్ కేబులు పైఅల్లిక కూడా మైనస్సే, అది ఫెండరు దగ్గర బాడీకి తగులుతుంది. దీనికి దారులు రెండే. ఒకటి, లోపలి వైపూ బయటి వైపూ ఒకదానితో ఒకటి కలవని ఐసొలేటెడ్ కన్వర్టరు. రెండోది, బండి మొత్తాన్ని మైనస్ ఎర్తుకి మార్చడం. అలా మారిస్తే డైనమోని (బ్యాటరీని ఛార్జ్ చేసేదాన్ని) కొత్త దిశకి పోలరైజ్ చెయ్యాలి, అంటే దాని ప్లస్ మైనస్ తిరగెయ్యాలి, ఆమ్మీటరు వైర్లూ ఇగ్నిషన్ కాయిల్ వైర్లూ అటుదిటు మార్చాలి, అలవాటున్న చేత్తో చేయించుకోవాలి. ప్లస్ ఎర్తుని అలాగే ఉంచితే బాడీకి కలవని టెర్మినల్ మైనస్ అవుతుంది, కాబట్టి ఫ్యూజు మైనస్ దగ్గరికి రావాలి. ప్లస్ దగ్గరే పెట్టడం అలవాటైన చేతులు సరిగ్గా ఇక్కడే పొరపాటు పడతాయి.

24 వోల్టుల లారీలో రెండు బ్యాటరీలు వరసగా కలిసి ఉంటాయి. ఒకదాని మీద 12 ఉంది కదా అని అందులోంచి లైను తియ్యకండి. ఆ బ్యాటరీ ఎప్పుడూ సగం ఆకలితో ఉంటుంది, రెండోది ఓవర్‌ఛార్జయి పొంగుతుంది, చివరికి రెండూ పోతాయి. 24 నుంచి 12కి దించే కన్వర్టరు పెట్టండి. ఫ్యూజు కన్వర్టరు దగ్గర ఒకటి, బ్యాటరీ దగ్గర ఒకటి. బ్యాటరీ దగ్గరది మర్చిపోవద్దు.

సెట్టు ఎంపిక గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. డాష్ రేకు మాత్రం కొయ్యకండి. ఇప్పటి సెట్లకి కావలసిన కంత సుమారు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. పాత డాష్‌లో అంత చోటుండదు, కోసిన రేకుని తిరిగి పూర్వంలా చెయ్యడం చాలా కష్టం. రెండు నాబులున్న పాత ఆకారంలోనే కొత్త సెట్లు వస్తున్నాయి. లేదంటే బ్లూటూత్ ఉన్న చిన్న ఆంప్లిఫయరుని సీటు కింద దాచెయ్యొచ్చు. నా ఓటు దానికే. అట్ట మీద రాసిన 50 వాట్లు ఇంటూ 4 అనేది క్షణకాలపు గరిష్ఠం. నిలకడగా ఇచ్చేది ఒక్కో ఛానెల్‌కి 20 వాట్ల చుట్టుపక్కల. చిన్న క్యాబిన్‌కి అది చాలు. డైనమో ఉన్న బండిలో ఇంజను ఐడిలింగ్‌లో ఉంటే ఛార్జింగ్ దాదాపు ఉండదు, పెద్ద ఆంప్లిఫయరు పెడితే ఆగి ఉన్న ప్రతిసారీ బ్యాటరీని తాగేస్తుంది.

స్పీకర్లు

పాత రేడియోల్లో చాలావాటికి స్పీకరుకి ఒకే వైరు వెళ్లేది, రెండో చివర బాడీకి కలిసేది. ఇప్పటి సెట్లలో అలా కుదరదు. స్పీకరుకి పోయే రెండు వైర్లలోనూ సుమారు 6 వోల్టులు ఉంటాయి. అందులో ఏది బాడీకి తగిలినా సెట్టు లోపలి ఐసీ (చిప్పు) కాలిపోవచ్చు. పాత స్పీకరు వైరుని వదిలేసి ప్రతి స్పీకరుకీ కొత్త జత లాగండి. డాష్‌లో ఒక్క స్పీకరుకే చోటుంటే ఎడమ, కుడి వైర్లని కలిపి దానికి ఇవ్వొద్దు. రెండు వాయిస్ కాయిళ్లున్న, అంటే ఎడమ, కుడి వైర్లని విడివిడిగా కలపగలిగే స్పీకరు దొరుకుతుంది, అది తెచ్చుకోండి.

స్పీకరు కోసం సీటు వెనక గోడకి కంతలు పెట్టాలనుకుంటున్నారా? ముందు సీటు బయటికి తీసి చూడండి. 1967 నుంచి 72 దాకా వచ్చిన షెవర్లే సీ10లోనూ, ఆ కాలపు ఫోర్డు పికప్‌లలోనూ పెట్రోలు ట్యాంకు క్యాబిన్ లోపలే, సీటు వెనకే ఉంటుంది. అక్కడ డ్రిల్లు వద్దు. ఆంప్లిఫయరు వద్దు. ఫ్యూజు లేని వైరయితే ఆ చుట్టుపక్కలకే రాకూడదు.

పని మొదలుపెట్టే ముందూ, చేస్తున్నంతసేపూ:

– బాడీకి కలిసిన కేబులుని ముందు విప్పండి, ఆఖరున బిగించండి. రెండోది ముందు విప్పితే పానా జారి బాడీకి తగిలి నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ మీద హైడ్రోజన్ ఉంటుంది.

– ఉంగరం, ఇనుప గొలుసు గడియారం తీసి పక్కన పెట్టండి.

– రేకు గోడలో కంతకి రబ్బరు గ్రోమెట్ (కంత అంచుకి తొడిగే రింగు) లేకుండా వైరు దాటించొద్దు. గ్రోమెట్ ఉన్నా వైరుకి పైగొట్టం తొడగండి.

– ఎగ్జాస్టు, స్టీరింగు రాడ్డు, క్లచ్ బ్రేకు పెడళ్ల లింకులు, వైపరు లింకు. వీటికి దూరంగా పోనివ్వండి. పెడళ్లన్నీ చివరిదాకా తొక్కి చూడండి, వైపరు తిప్పి చూడండి.

– తలుపులో కంత గీసే ముందు అద్దం పూర్తిగా కిందికి దించండి.

– మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు వద్దు. ఎండకి టేపు జిగురు కారి ఊడిపోతుంది. లగ్గు (వైరు చివర తొడిగే లోహపు ముక్క) పెట్టి నొక్కండి, పైన వేడికి ముడుచుకుని బిగిసే హీట్ ష్రింక్ గొట్టం వెయ్యండి.

– వైరు కొరికి పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పులు పాత వైర్ల మీద అసలు వద్దు.

– ఎర్తు పెట్టేచోట పెయింటు గీకండి. పెయింటు మీద బిగించిన ఎర్తు ఎర్తే కాదు.

– సెట్టు నుంచి వచ్చే పసుపు వైరు ఎప్పుడూ కరెంటుండే లైను, మెమొరీకి. ఎరుపు తాళం తిప్పితేనే వచ్చేది. రెండూ కలిపేసి బ్యాటరీకి ఇవ్వొద్దు. సెట్టు ఆపడం మర్చిపోయిన రాత్రి బ్యాటరీ ఖాళీ.

– తాళం నుంచి ఎరుపు లైను తీసుకుంటే దానికీ ఓ చిన్న ఫ్యూజు.

– ఫ్యూజు పోయిందా? కారణం దొరికేదాకా కొత్తది పెట్టొద్దు. పెద్దది అసలు పెట్టొద్దు. రేకు కాగితం చుట్టడం, తీగ ముక్క గుచ్చడం చేస్తే ఫ్యూజు లేనట్టే.

– "రెండు రోజుల్లో ఫ్యూజు తెచ్చి పెడతాలే, ఈలోగా డైరెక్టు ఇద్దాం" అనే మెకానిక్కుకి తాళం ఇవ్వకండి. ఆ రెండు రోజులు పాటలు లేకపోతే పోయేదేమీ లేదు.

– ముందున్న ఓనరు వేసిన వైర్లని చివరిదాకా చేత్తో పట్టుకుని వెతకండి. ఎటు పోతుందో తెలియని వైరుని ఊడదీయండి. దాని చివర ఫ్యూజు లేకుండా బ్యాటరీకే కలిసి ఉండటం చాలాసార్లు చూశాను.

– బ్యాటరీ కట్ఆఫ్ స్విచ్చి పెట్టండి. నిలబెట్టిన బండికి అదే కాపలా. అయితే అది ఉంది కదా అని ఫ్యూజు మానెయ్యకండి, బండి నడుస్తున్నప్పుడు స్విచ్చి ఆన్‌లోనే ఉంటుంది.

– డ్రై పౌడరు ఫైర్ ఎక్స్‌టింగ్విషరు చేతికి అందేలా, సీటు ముందు. వెనక తొట్టిలో కాదు.

– పొగ వాసన వస్తే సెట్టు కోసం చూడకండి. బండి ఆపండి, అందరూ దిగండి, కట్ఆఫ్ తిప్పండి. బానెట్‌లోంచి పొగ వస్తుంటే బానెట్ పూర్తిగా ఎత్తకండి.

– అంతా బిగించాక, 12 వోల్టుల బండి అయితే, బ్యాటరీ దగ్గరి ఫ్యూజు పెట్టకుండా కేబులు బిగించండి. ఫ్యూజు స్థానంలో 21 వాట్ల ఇండికేటరు బల్బు రెండు వైర్లతో కలపండి. సెట్టు ఆఫ్, తాళం ఆఫ్. బల్బు ఒక్క క్షణం మెరిసి ఆరిపోతే మంచిదే. నిండుగా వెలుగుతూ ఉంటే ఎక్కడో షార్టు ఉంది. వైరుని ఒక్కో చోటా కదిలిస్తూ, ఆ వెలుగు ఎక్కడ ఆరుతుందో చూడండి. ఇంజను వేసి, ఊగే బండిలో కూడా ఇంకోసారి చూడండి. రెండుసార్లూ బల్బు ఆరే ఉంటేనే దాన్ని తీసి ఫ్యూజు పెట్టండి.