డీఏపీ బస్తా కొనేముందు మట్టిని ల్యాబ్‌కి పంపండి

వరికి ఎకరాకి ఇంత నత్రజని, ఇంత భాస్వరం అని వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పే లెక్క ఊరికే వచ్చింది కాదు. మట్టిలో ఉన్న పోషకానికీ వేసిన ఎరువుకీ వచ్చిన దిగుబడికీ ఉన్న సంబంధాన్ని తేల్చడానికి 1967-68లో దేశమంతటా పరిశోధన మొదలైంది, హైదరాబాద్ కూడా అందులో ఒక కేంద్రం. కాకపోతే ఆ సిఫార్సు పోషకాలు మధ్యస్థంగా ఉన్న నేలకి. మీ నేల ఎలాంటిదో తెలియకుండా దాన్ని అలాగే వాడేస్తే డబ్బు దండగ.

కోత అయ్యాక, దుక్కిలో ఎరువు వేయకముందే మట్టి తీయండి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్ప పోసిన చోట వద్దు. ఎకరంలో పది చోట్ల చెత్త పక్కకి నెట్టి, అర అడుగు లోతున వి ఆకారంలో గుంత తవ్వి, గుంత గోడ నుంచి పైనుంచి కిందిదాకా వేలెడు మందాన మట్టి చెక్కి ప్లాస్టిక్ బకెట్‌లో వేయండి. జింక్ పూత ఉన్న రేకు బకెట్ అస్సలు వాడొద్దు, జింక్ లెక్క తప్పుతుంది. ఎరువుల సంచీ కూడా అంతే. మొత్తం కలిపి గుడ్డ మీద పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండూ పారేసి మిగతాది మళ్లీ కలపండి, అర కిలో మిగిలేదాకా ఇలాగే. నీడలో ఆరబెట్టి పేరు, సర్వే నంబరు, కిందటి పంట, వేయబోయే పంట చీటీ రాసి పెట్టండి. చౌడు మచ్చలుంటే ఆ మట్టి విడిగా పంపాలి, మంచి మట్టిలో కలిపితే రెండింటి సంగతీ తెలియదు.

రిపోర్ట్ చేతికొచ్చాక ముందు భాస్వరం వరస చూడండి. మనవాళ్లు ఏళ్ల తరబడి డీఏపీ (భాస్వరం, నత్రజని రెండూ ఉండే ఎరువు) గుమ్మరించడంతో చాలా పొలాల్లో అది 'ఎక్కువ' అనే వస్తోంది. అలా వస్తే సిఫార్సులో 30 శాతం తగ్గించొచ్చు. ఎకరాకి 24 కిలోల భాస్వరం అనుకుంటే 52 కిలోల డీఏపీ పడేచోట 36 కిలోలు చాలు, తగ్గిన నత్రజనికి ఆరు కిలోల యూరియా కలిపితే సరి. భాస్వరం మితిమీరితే పైరుకి జింక్ సరిగ్గా అందదు కూడా. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ముదురాకుల మీద ఇటుక రంగు మచ్చలు కనిపిస్తే చాలామంది తెగులు అనుకుని మందు కొట్టేస్తారు, చూస్తే బాధేస్తుంది. అది జింక్ లోపం, లీటరు నీటికి రెండు గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి ఐదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేస్తే సరిపోతుంది.

ఉదజని సూచిక (pH) 8.5 దాటితే నేల చౌడుదని అర్థం, బాగుచేయడానికి జిప్సం ఎంత వేయాలో ల్యాబ్‌లోనే అడగండి, అంచనాగా వేయొద్దు. ఇలాంటి చౌడు నేలల మీద బాపట్లలో ప్రత్యేకంగా పరిశోధన జరుగుతోంది. అర్థం కానిది ఏదున్నా రిపోర్ట్ పట్టుకుని దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లండి, పాత రిపోర్ట్‌లు ఉంటే అవి కూడా తీసుకెళ్లండి.