ఒకే ఫైలు నుంచి అచ్చు పుస్తకం, ఈబుక్ రెండూ తేవాలంటే

రాయడం అయిపోగానే అందరి ధ్యాసా కవర్ మీదికి పోతుంది. కవర్ సంగతి తర్వాత, ముందు మీ ఫైలు యూనికోడ్‌లో (ఏ ఫోన్లోనైనా కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతి) ఉందో లేదో చూడండి. యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లలో టైప్ చేసిన ఫైలు అచ్చుకి సరిపోతుంది కానీ ఈబుక్‌కి పనికిరాదు, అందులో ఒక్క మాట వెతికినా దొరకదు. కన్వర్టర్‌తో మార్చుకోవచ్చు, అయితే మార్చాక ప్రూఫ్ మళ్లీ మొదటి పేజీ నుంచి చదవాల్సిందే. ముఖ్యంగా ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల మీద కన్నేసి ఉంచండి. అందులో ‘వే’ ముందు కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఒకటి ఉంటుంది, మార్పిడిలో అది ఎగిరిపోయిందంటే వకారం కాస్తా వత్తుగా మారి ‘సాఫ్ట్వేర్’ అయి కూర్చుంటుంది.

తర్వాత స్టైల్స్, అంటే ఫాంటు, సైజు, ఖాళీలు అన్నీ కలిపి ఒక పేరుతో దాచుకునే అమరికలు. అధ్యాయం పేరుకి ఒకటి, మామూలు పేరాకి ఒకటి, పద్యానికో ఉత్తరానికో ఇంకొకటి పెట్టుకుని మొత్తం వాటితోనే నడపండి. కొత్త పేజీ కోసం వరసగా ఎంటర్ కొట్టే అలవాటుంటే దయచేసి మానేయండి, ఈబుక్‌లో పాఠకుడు అక్షరాల సైజు మార్చగానే ఆ ఖాళీలన్నీ ఎక్కడపడితే అక్కడ తేలతాయి.

ఇక అచ్చు పేజీ. నా దృష్టిలో తెలుగు పుస్తకం అందమంతా లైన్ల మధ్య ఖాళీలోనే ఉంది. మన అక్షరాలకి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు పుస్తకం కొలతలు ఇక్కడ కుదరవు. 12 పాయింట్ల అక్షరానికి 18 పాయింట్ల లీడింగ్‌తో (లైనుకీ లైనుకీ మధ్య దూరం) మొదలుపెట్టి, పై లైన్లో ‘స్వాతంత్ర్యం, రాష్ట్రం’, సరిగ్గా దాని కింద ‘కీర్తి, తీర్పు’ వచ్చేలా ఒక పేజీ చేసి అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీయండి. వత్తులు గుడులకి తగులుతుంటే ఇంకో పాయింట్ పెంచండి. స్క్రీన్ మీద చూసి మాత్రం తేల్చేయకండి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేసేవాళ్లు వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఆన్ చేసుకోవాలి, లేకపోతే వత్తులు విడిపోతాయి. ఫాంటుకి మండలి, సూరన్న, నోటో సెరిఫ్ తెలుగు లాంటివి ఉచితంగానే దొరుకుతాయి, ఓపెన్ లైసెన్స్ కాబట్టి ఈబుక్‌లో కూడా ధైర్యంగా పొదగొచ్చు.

ఈబుక్ ఫైలు రకమైన ఈపబ్‌లో పేజీ అనేదే స్థిరంగా ఉండదు, అందుకే ‘47వ పేజీ చూడండి’ అని రాసిన చోటల్లా లింకు పెట్టాలి. విషయసూచిక కూడా అంతే. తయారయ్యాక ఫైల్లో తప్పులు పట్టిచ్చే ఈపబ్‌చెక్‌లో ఒకసారి పరీక్షించి, చిన్న ఫోన్‌లో రెండు మూడు యాప్‌లలో తెరిచి చూడండి. పుస్తకాన్ని గుర్తించే నంబరు ఐఎస్‌బీఎన్ అచ్చుకి వేరు, ఈబుక్‌కి వేరు తీసుకోవాలి.

ఇప్పుడు కవర్. వెన్ను మందం తెలియాలంటే పేజీల సంఖ్య ఖరారవ్వాలి: 192 పేజీలంటే 96 కాగితాలు, ఒక్కోటి 0.1 మిల్లీమీటరైతే వెన్ను 9.6 మిల్లీమీటర్లు. ఆ కాగితం మందం ప్రెస్ వాళ్లనే అడగండి, ఊహించి వేస్తే వెన్ను మీది పేరు పక్కకి జారుతుంది. బొమ్మలు 300 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క), చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు), లోపలి అక్షరాలు నాలుగు రంగులు కలిపిన నలుపు కాకుండా ఒట్టి నలుపు. ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ పంపి, మొత్తం కాపీలు వేసేముందు ఒక్క నమూనా కాపీ తెప్పించుకుని తీరిగ్గా చూశాకే సరే అనండి.