కొత్త పెడల్ స్టీల్ గిటార్‌లో పాతకాలపు నాదం రాబట్టుకునే పద్ధతి

పెడల్ స్టీల్ గిటార్ మన నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు అరుదుగా కనిపించే వాద్యం; కాళ్ల మీద బల్లలా నిలిపి, ఎడమచేతిలోని ఉక్కు బార్‌ను తీగల మీద జరుపుతూ, పెడళ్లు తొక్కి తీగల శ్రుతి మారుస్తూ దీనిని వాయిస్తారు. చర్చి బృందాల్లో హవాయియన్ గిటార్ వాయించి అలవాటైనవారు, అమెరికాలో స్థిరపడిన బంధువుల ద్వారా వాద్యం తెప్పించుకున్నవారు దీని వైపు వస్తుంటారు. పెట్టె తెరిచి, కాళ్లు బిగించి, శ్రుతి చేసుకుని మొదటిసారి యాంప్లిఫయర్‌కు కలిపినప్పుడు వినిపించే ధ్వని శుభ్రంగా, పదునుగా ఉంటుంది గాని, 1950, 60ల నాటి రికార్డుల్లో మనసును పట్టుకున్న ఆ మెత్తని, నిండైన నాదం అందులో వినిపించదు. దానికోసం పాత వాద్యాన్నే వెతికి కొనాలని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయంలో ఆ అవసరం లేదు. కొత్త వాద్యం చుట్టూ చేరిన సౌకర్యాలలో కొన్ని తీగ ధ్వనిలోని సహజమైన మార్పులను చదును చేస్తున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా పక్కన పెడుతూ పోతే పాత నాదంలో ఎక్కువ పాలు కొత్త వాద్యంలోనే దొరుకుతుంది. ఈ వ్యాసంలోని వరుస ఖర్చు లేని పనులతో మొదలై ఖర్చున్న పనుల వైపు సాగుతుంది గనుక, దానిని మార్చకుండా పాటించడం మంచిది.

ముందుగా ఏ కాలపు నాదం కావాలో తేల్చుకోవాలి, ఎందుకంటే పాత నాదం ఒక్కటి కాదు. గిటార్లు తయారుచేసే పాల్ బిగ్స్‌బీ 1948లో వాద్యకారుడు స్పీడీ వెస్ట్‌కు పెడల్ స్టీల్ తయారుచేసి ఇచ్చాడు. 1954లో వెబ్ పియర్స్ పాడిన రికార్డులో బడ్ ఐజాక్స్ తీగ ఇంకా మోగుతుండగానే పెడల్ తొక్కి స్వరాన్ని పైకి జార్చిన తరువాత, ఆ జారుడే ఈ వాద్యానికి గుర్తింపు అయింది. 1957లో వచ్చిన ఫెండర్ 1000 ధ్వని వేరు. రాల్ఫ్ మూనీ చేతిలో అది గాజు ముక్కలా మెరిసే పదునైన నాదం పలికింది. 1960ల మధ్యలో వచ్చిన ఎమన్స్ పుష్-పుల్ (పెడల్ తొక్కితే తీగ శ్రుతి మార్చే యంత్రాంగంలో ఒక రకం) వాద్యాల ధ్వని మళ్లీ వేరు, నిండుగా ఉంటూనే ప్రతి తీగా విడివిడిగా వినిపిస్తుంది. ఐజాక్స్ మెత్తదనం కోరుకునేవారు మూనీ పద్ధతిలో సెట్టింగులు పెట్టుకుంటే పని పాడవుతుంది.

ఎంచుకున్న రికార్డును మీ గిటార్ ఏ స్పీకర్లో మోగుతుందో అదే స్పీకర్లో, అంతే శబ్దంతో వినండి. ఫోన్లోనో ఇయర్‌ఫోన్లలోనో విన్న ధ్వనిని గుర్తుపెట్టుకుని యాంప్లిఫయర్ బిరడాలు తిప్పడం వల్ల ఎప్పటికీ దారి తెగదు. ఆ రికార్డుల్లో మైకు, టేపు, స్టూడియో గది కలిసి ధ్వనిని మలిచాయి. ఒకే స్పీకర్లో రెండింటినీ పక్కపక్కన విన్నప్పుడు వాద్యం తేడా ఎంతో, రికార్డింగ్ తేడా ఎంతో చెవికి తెలిసిపోతుంది.

ఇక చేతుల సంగతి. తొలినాటి వాద్యకారుల్లో కొందరికి రెండు మూడు పెడళ్లే ఉండేవి. ఈ వాద్యానికి సాధారణంగా వాడే E9 (‘ఈ నైన్త్’) శ్రుతిలో ‘A’ అనే పెడల్ B స్వరాలను C షార్ప్‌కు, ‘B’ అనే పెడల్ G షార్ప్ స్వరాలను A కు పెంచుతాయి. కొంతకాలం మోకాలితో నెట్టి శ్రుతి మార్చే లీవర్లను పూర్తిగా మరచిపోయి, ఈ రెండు పెడళ్లతోనూ బార్ కదలికతోనూ మాత్రమే వాయించి చూస్తే, నాదం అనుకున్నదానిలో వాయించే తీరు ఎంత ఉందో అర్థమవుతుంది. కుడిచేతితో మీటే చోటు కూడా ముఖ్యమే. తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్ దగ్గర మీటితే ధ్వని సన్నబడి గట్టిపడుతుంది. 24వ మెట్టు గుర్తు వైపు జరిగేకొద్దీ గుండ్రంగా మారుతుంది. మోగిన తీగను ఆపడానికి మీటడానికి వేళ్లకు తొడిగే గోళ్ల (పిక్‌ల) కొనలను వాడే పద్ధతి ఈమధ్య ప్రబలింది గాని, పాతవారిలో ఎక్కువమంది అరచేతి అంచుతోనే ఆపేవారు, ఆ అంచు తగిలేటప్పుడు ధ్వని ఒక్కసారిగా తెగిపోకుండా మెత్తగా ముగుస్తుంది. ఎడమచేతిలో బార్ వెనుక ఉన్న వేళ్లు తీగల మీద పరుచుకుని ఉండాలి. అవి లేచి ఉంటే బార్ వెనుక భాగపు తీగ కూడా మోగి, ఒక సన్నని ఇనుప రొద అసలు స్వరంతో కలిసిపోతుంది.

బార్ గురించి ఒక మాట. సాధారణంగా వాడే బార్‌లు 22 మిల్లీమీటర్ల మందం, అంతకంటె బరువైనవి 24 మిల్లీమీటర్ల మందం ఉంటాయి. విదేశం నుంచి తెప్పించడం కష్టమైతే నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో లేత్ పని చేసేవారి దగ్గర స్టెయిన్‌లెస్ స్టీల్ రాడ్డును సుమారు 83 మిల్లీమీటర్ల పొడవుకు కోయించి, ఒక కొన గుండ్రంగా తీయించుకోవచ్చు. అయితే లేత్ మీద నుంచి వచ్చిన ముక్క నేరుగా పనికిరాదు. దాని మీద గోరు గీస్తే ఉంగరాల్లా సన్నని గీతలు తగులుతాయి. ఆ గీతలు చుట్టుతీగల (పైన సన్నని తీగ చుట్టిన లావు తీగల) మీద జరిగినప్పుడు స్పీకర్లో బుసలాగా వినిపిస్తాయి. 400 నంబరుతో మొదలుపెట్టి 2000 నంబరు వరకు నీటి ఎమరీ కాగితంతో వరుసగా రుద్ది, చివర పాలిష్ పేస్టుతో అద్దంలా తేలేవరకు మెరుగుపెట్టించాలి. ముఖం కనిపించని బార్‌తో మంచి నాదం రాదు.

శ్రుతి విషయంలో మన చెవులకు ఒక సౌలభ్యం ఉంది. తంబూర మీటినప్పుడు దానంతట అదే వినిపించే అంతర గాంధారం, కీబోర్డులోని గాంధారం కంటె సుమారు 14 సెంట్లు (పక్కపక్క రెండు కీల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) తక్కువగా ఉంటుంది. పాత పెడల్ స్టీల్ రికార్డుల్లో తీగలు కలిసి మోగినప్పుడు వచ్చే ఆ తీపికి గాంధారాన్ని చెవితో దించి శ్రుతి చేసుకునే అలవాటు ఒక ప్రధాన కారణం. కొత్తగా నేర్చుకునేవారు ఎలక్ట్రానిక్ ట్యూనర్‌లో సూది మధ్యకు రాగానే వదిలేస్తారు. E కు గాంధారమైన 3వ, 6వ తీగల G షార్ప్‌ను ట్యూనర్ చూపే స్థానం నుంచి 12 మొదలు 14 సెంట్ల వరకు దించి, E స్వరంతో కలిపి మీటి, రెండింటి మధ్య అల కదలిక ఆగిందా లేదా చూడండి. A పెడల్ తొక్కినప్పుడు వచ్చే C షార్ప్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. చర్చిలో కీబోర్డు తోడుగా ఉన్నప్పుడు మాత్రం అంత దించితే రెండు వాద్యాలూ పోట్లాడుకుంటాయి గనుక 6 నుంచి 8 సెంట్ల దగ్గర ఆపడం మేలు.

తీగలలో మొదటి ఆరూ మామూలుగా సాదా ఉక్కు తీగలే. తేడా చేయగలిగేది 7 నుంచి 10 వరకు ఉన్న చుట్టుతీగల్లోనే. స్టెయిన్‌లెస్ చుట్టు ఉన్నవి మెరుపుగా, నికెల్ చుట్టు ఉన్నవి మెత్తగా పలుకుతాయి. మెత్తని నాదం కోరేవారు నికెల్ తీగలు వేసుకుంటే చాలు.

అన్నిటికంటె ఎక్కువ ఫలితమిచ్చేదీ, చాలామంది పట్టించుకోనిదీ వాల్యూమ్ పెడల్, అంటే శబ్దాన్ని కాలితో పెంచి తగ్గించే విడి పెడల్. పెడల్ స్టీల్ వాయించేవారు తీగ మీటేటప్పుడు ఈ పెడల్‌ను సగం వరకే తెరిచి ఉంచి, నాదం సన్నగిల్లుతున్నకొద్దీ నెమ్మదిగా తెరుస్తూ పోతారు. పాత పెడళ్లలో ఉండేది 500 కిలో ఓముల మామూలు పాట్ (తిరిగేకొద్దీ విద్యుత్ నిరోధం మారే భాగం) మాత్రమే. విద్యుత్‌పరంగా అది సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు రెండు వైపులా 250 కిలో ఓములు పడి, దాని తరువాతి కేబుల్‌కు సుమారు 125 కిలో ఓముల అడ్డంకి ఎదురవుతుంది. మీటరుకు 100 పికోఫారడ్లు ఉండే 5 మీటర్ల కేబుల్ దానికి తోడైతే, దాదాపు 2,500 హెర్ట్జ్ నుంచి పైనున్న ధ్వని తగ్గిపోవడం మొదలవుతుంది. అంటే తీగ మీటిన క్షణంలో గోటి దెబ్బ శబ్దం మెత్తబడుతుంది. పెడల్ తెరుచుకుంటున్నకొద్దీ స్వరం వెలుగులోకి వస్తున్నట్టు విచ్చుకుంటుంది. పాత రికార్డుల్లో ప్రతి స్వరం ఊపిరి తీసుకున్నట్టు అనిపించడానికి ఇదొక బలమైన కారణమని నేను నమ్ముతాను. లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉన్న కొత్త యాక్టివ్ పెడళ్లు, పికప్‌కూ పెడల్‌కూ మధ్య పెట్టే బఫర్ (సంకేతం నీరసించకుండా కాపాడే సర్క్యూట్) పెట్టెలు ఈ నష్టాన్ని నివారించడానికే వచ్చాయి. పెడల్ ఎక్కడున్నా ధ్వని ఒకేలా ఉండేటట్టు చేస్తాయి. పాత నాదం కావాలంటే బఫర్‌ను తీసివేసి, సాదా పాట్ ఉన్న పెడల్‌ను పెట్టి, దాని నుంచి యాంప్లిఫయర్‌కు 5 మీటర్ల కేబుల్ వేయండి. ట్యూనర్‌ను కూడా వరుసలో నుంచి తీసి పక్కన పెట్టండి, ఎందుకంటే కొన్ని ట్యూనర్లలోనే బఫర్ దాగి ఉంటుంది. యాక్టివ్ పెడల్ తప్ప మరొకటి దొరకనప్పుడు పికప్ రెండు కొనల మధ్య 470 పికోఫారడ్ల కెపాసిటర్ ఒకటి వేయించవచ్చు. పదును తగ్గుతుంది గాని, ఆ విచ్చుకోవడం మాత్రం రాదు.

ఆ రోజుల్లో ఫెండర్ ట్విన్ రివర్బ్ వంటి వాల్వ్ యాంప్లిఫయర్లు, జేబీఎల్ డీ130 వంటి 15 అంగుళాల స్పీకర్లు వాడేవారు. మన దగ్గర ఎక్కువమంది గిటార్‌ను నేరుగా చర్చి మిక్సర్‌లోనో, కీబోర్డు యాంప్లిఫయర్‌లోనో కలుపుతారు. ఇందులో రెండు ఇబ్బందులున్నాయి. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ అడ్డంకి తక్కువగా ఉండడం వల్ల పికప్ నీరసించిపోతుంది. గిటార్ సంకేతాన్ని మిక్సర్‌కు తగినట్టు మార్చే, 1 మెగా ఓము ఇన్‌పుట్ ఉన్న డీఐ పెట్టెను మధ్యలో ఉంచడం తప్పనిసరి. రెండవది, స్పీకర్ పెట్టెలో పై స్థాయి ధ్వనిని పలికించే హారన్. గిటార్ స్పీకర్లు 5,000 హెర్ట్జ్ దాటాక ధ్వనిని తమంతట తామే తగ్గించివేస్తాయి, హారన్ అలా తగ్గించదు. కాబట్టి మిక్సర్‌లో 5,000 హెర్ట్జ్ పైన కోసివేయాలి, 800 హెర్ట్జ్ దగ్గర 3 నుంచి 6 డెసిబెల్స్ తగ్గించాలి, 80 హెర్ట్జ్ కింద తీసివేయాలి. పీవీ నాష్‌విల్ 400 యాంప్లిఫయర్‌లో 800 హెర్ట్జ్ దగ్గర మధ్య స్థాయి తగ్గించడం స్టీల్ వాద్యకారులకు బాగా అలవాటైన పద్ధతే. పెళ్లి ఊరేగింపుల డీజే పెట్టెల్లోని 15 అంగుళాల స్పీకర్లు కొలతలో సరిపోయినా బేస్ కోసమే చేసినవి, వాటి బరువైన కోన్ ఈ వాద్యపు మధ్య స్థాయిని మింగేస్తుంది. రాతి గోడలు, ఎత్తైన కప్పు ఉన్న చర్చిలో రివర్బ్ (కృత్రిమ ప్రతిధ్వని) అసలు వేయకండి, ఆ గదిదే సరిపోతుంది.

వాద్యం అడుగున ఉన్న యంత్రాంగాన్ని కూడా ఒకసారి చూడాలి. కొత్త వాద్యాల్లో దాదాపు అన్నీ ఆల్-పుల్ అనే మరో పద్ధతివే. పుష్-పుల్‌లో తెరిచి మోగే తీగ వేలు (తీగ కొనను పట్టి ఉంచి, కదిలి శ్రుతి మార్చే లోహపు ముక్క) చట్రం మీది ఆపుడుకు గట్టిగా ఆనుకుని నిలుస్తుంది. ఆల్-పుల్‌లో ఆ పని స్ప్రింగుల మీద ఆధారపడి ఉంటుంది. రాడ్ల కొనల్లోని నైలాన్ మరలను ఎక్కువగా బిగిస్తే రాడ్లు వేలిని కొద్దిగా లాగిపెట్టి, అది తన చోటికి పూర్తిగా చేరదు, ధ్వని పలచబడుతుంది. పెడల్ తొక్కనప్పుడు ప్రతి రాడ్డులో వెంట్రుకవాసి వదులు ఉండేటట్టు మరలను సరిచేయండి.

ఇవన్నీ చేశాక కూడా లోటు మిగిలితేనే పికప్ జోలికి పోవాలి. ముందు ఉన్న పికప్‌నే తీగల నుంచి 3 మిల్లీమీటర్ల దూరానికి బదులు 5 మిల్లీమీటర్ల వరకు దించి వినండి; చాలాసార్లు అదే సరిపోతుంది. చాలకపోతే హంబకర్ (రెండు తీగచుట్టలతో రొదను రద్దుచేసే పికప్) తీసి సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న పికప్) వేయించుకోవచ్చు. అయితే సింగిల్ కాయిల్ పెట్టగానే 50 హెర్ట్జ్ కరెంటు రొద మొదలవుతుంది. ఇళ్లలోని ఇన్వర్టర్లు, చౌక ఎల్ఈడీ దీపాలు, ఫ్యాన్ రెగ్యులేటర్లు దానిని పెంచుతాయి. ఒకే ఫేజ్ మీద బోరు మోటారు ఉంటే స్టార్టర్ పడినప్పుడల్లా టక్కుమంటుంది. కూర్చునే దిక్కును కొద్దికొద్దిగా తిప్పుతూ రొద అతి తక్కువగా ఉన్న కోణంలో వాద్యాన్ని నిలపండి. అమెరికా నుంచి వచ్చిన యాంప్లిఫయర్ అయితే 120 వోల్టుల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అక్కడి 60 హెర్ట్జ్‌కు చేసిన పరికరం ఇక్కడి 50 హెర్ట్జ్ మీద కొంత ఎక్కువ వేడెక్కుతుంది గనుక, దానికి కావలసిన సామర్థ్యానికి రెట్టింపు ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌నే తీసుకోండి. ఎర్త్ పిన్ లేని రెండు పిన్నుల రకాన్ని ఎంత చౌకగా ఇచ్చినా కొనవద్దు, ఉక్కు తీగల మీద చేతులు పెట్టి వాయించే వాద్యానికి అది ప్రాణాపాయం.

ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ చూపించండి. అది 2, 3 వోల్టులు దాటితే బొగ్గు, ఉప్పు వేసిన ఎర్త్ గుంత ఎండిపోయిందేమో చూడాలి. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో ఇది మామూలే, గుంతలోని పైపులో రోజూ ఒక బిందెడు నీళ్లు పోయిస్తే తగ్గుతుంది. అప్పటికీ రొద ఆగని ఇంట్లో సింగిల్ కాయిల్‌తో పోరాడకుండా హంబకర్‌నే ఉంచుకుని, వాల్యూమ్ పెడల్ దగ్గర చెప్పిన మార్పుతో సరిపెట్టుకోవడం ఉత్తమం.