పోలీసు శాఖలో ఎవరి పని ఏమిటి, మీ ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి

బండి పోయినా, ఇంట్లో దొంగతనం జరిగినా, ఆడపిల్లను ఎవరైనా వేధించినా మనలో చాలామంది మొదట చేసే పని, పోలీసు శాఖలో తెలిసినవాళ్లు ఎవరున్నారా అని ఆరా తీయడం. ఎవరూ దొరక్కపోతే అందరికంటే పెద్ద హోదాలో ఉన్నవారికే అర్జీ పెట్టేస్తారు. ఈ రెండింటివల్లా పని కన్నా ఆలస్యమే ఎక్కువ జరుగుతుంది. డీజీపీ కార్యాలయానికి నేరుగా పంపిన అర్జీ అక్కడ ఒక నంబరు వేయించుకుని జిల్లా ఎస్పీకి, అక్కడి నుంచి డీఎస్పీకి, ఆయన దగ్గర నుంచి సర్కిల్‌కు దిగి, విచారించి నివేదిక పంపమన్న ఎండార్స్‌మెంట్‌తో మొదటే వెళ్లి ఉండాల్సిన స్టేషన్‌కు చేరుతుంది. కాబట్టి హోదాల వరసను కంఠతా పట్టడం కన్నా, ఏ అధికారం ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవడం ఉపయోగం. ఇక్కడ చెప్పేదంతా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖల గురించి. 2014 జూన్ 2 దాకా రెండూ ఒకే శాఖ కాబట్టి నిర్మాణంలో ఇప్పటికీ పెద్ద తేడా లేదు.

ముందు స్టేషన్‌ను అర్థం చేసుకోండి

చట్టం దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పోలీసు అధికారి డీజీపీ కాదు, స్టేషన్ హౌస్ ఆఫీసర్, అంటే ఎస్‌హెచ్‌ఓ. ఎఫ్ఐఆర్ నమోదు చేయడం, దర్యాప్తు మొదలుపెట్టడం, చివరికి కోర్టులో చార్జిషీటు వేయడం అన్నీ ఈ కుర్చీకి చట్టం ఇచ్చిన అధికారాలు. మండల స్థాయి స్టేషన్లలో సాధారణంగా ఎస్సై ఎస్‌హెచ్‌ఓగా ఉంటారు. అలాంటి కొన్ని స్టేషన్లను కలిపి సర్కిల్ అంటారు, దానిపై సర్కిల్ ఇన్‌స్పెక్టర్, అంటే మన వాడుకలో సీఐ ఉంటారు. హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాల్లో ఇన్‌స్పెక్టరే ఎస్‌హెచ్‌ఓ, ఆయన కింద పలువురు ఎస్సైలు సెక్టార్లు పంచుకుని పనిచేస్తారు. అందుకే ఊళ్లో ‘స్టేషన్ ఎస్సై గారు’ అంటే తిరుగులేని అధికారి, నగరంలో అదే ఎస్సై నలుగురైదుగురిలో ఒకరు.

స్టేషన్‌లో అడుగుపెట్టగానే కనిపించే రిసెప్షన్ బల్ల దగ్గర ఉండేది సాధారణంగా కానిస్టేబుల్. వెనక గదిలో రిజిస్టర్ల మధ్య కూర్చునే రైటర్ హోదాకు హెడ్ కానిస్టేబులో, కానిస్టేబులో కావచ్చు గానీ, స్టేషన్ కాగితం పని అంతా ఆయన చేతిమీదుగానే నడుస్తుంది. రోజంతా స్టేషన్‌లో జరిగేది జనరల్ డైరీలో, అంటే జీడీలో ఎక్కుతుంది. మీరు ఫలానా వేళకు వచ్చి ఫిర్యాదు ఇచ్చారన్న సంగతీ అందులో ఉండాలి. కోర్టు కానిస్టేబుల్ సమన్లు, వారంట్లు, వాయిదాల సంగతి చూస్తారు. కేసు కోర్టుకు వెళ్లాక వాయిదా ఎప్పుడో ఆయనకు తెలిసినంతగా ఎస్సైకి కూడా తెలియకపోవచ్చు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ‘ఎస్సై గారు బందోబస్తుకు వెళ్లారు, రేపు రండి’ అన్న మాట వినని ఫిర్యాదుదారు ఉండరు. ఎస్‌హెచ్‌ఓ స్టేషన్‌లో లేనప్పుడు, లేదా అనారోగ్యంతో విధులు చూడలేనప్పుడు, అక్కడ ఉన్నవారిలో ఆయన తర్వాతి హోదాలో ఉండి, కానిస్టేబుల్ కన్నా పైవారైన అధికారే స్టేషన్ ఇన్‌చార్జి అవుతారని భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) నిర్వచనంలోనే ఉంది. అంటే హెడ్ కానిస్టేబుల్ ఒక్కరే ఉన్నా ఫిర్యాదు తీసుకుని కేసు కట్టే అధికారం ఆయనకు ఉంటుంది. గొడవపడకుండా, ‘ఇప్పుడు ఇన్‌చార్జి మీరే కదండీ, మీరు తీసుకోండి’ అని మర్యాదగా అడగండి.

భుజం చూసి హోదా గుర్తుపట్టడం

యూనిఫాంలో ఉన్న వ్యక్తి ఎవరో తెలియాలంటే భుజం మీది పట్టీని చూడాలి. కానిస్టేబుల్‌కు నక్షత్రం ఉండదు. ఏఎస్సైకి, అంటే అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్‌కు ఒకటి, ఎస్సైకి రెండు, ఇన్‌స్పెక్టర్‌కు మూడు నక్షత్రాలు ఉంటాయి. ఈ ముగ్గురికీ భుజం చివర ఎరుపు, నీలం రంగుల రిబ్బన్ ఉంటుంది. డీఎస్పీకి కూడా మూడు నక్షత్రాలే, కానీ రిబ్బన్ ఉండదు. దూరం నుంచి చూసి ఇన్‌స్పెక్టర్‌ను డీఎస్పీ అనుకోవడం, డీఎస్పీని ఇన్‌స్పెక్టర్ అనుకోవడం ఇక్కడే జరుగుతుంది, కాబట్టి నక్షత్రాలు లెక్కపెట్టే ముందు రిబ్బన్ ఉందో లేదో చూడండి. అదనపు ఎస్పీకి మూడు సింహాల రాజముద్ర ఒక్కటే ఉంటుంది. ఎస్పీకి రాజముద్రతోపాటు ఒక నక్షత్రం, డీఐజీకి రాజముద్రతోపాటు మూడు నక్షత్రాలు. ఐజీ స్థాయి నుంచి ఒకదానినొకటి దాటుతున్న కత్తి, లాఠీ వస్తాయి: వాటితో నక్షత్రం ఉంటే ఐజీ, రాజముద్ర ఉంటే అదనపు డీజీ లేదా డీజీ.

నక్షత్రాల కింద ఐపీఎస్ అన్న అక్షరాలు కనిపిస్తే ఆ అధికారి అఖిల భారత సర్వీసుకు చెందినవారు. శాఖలోకి నేరుగా ప్రవేశించడానికి మెట్టు మెట్టుకూ వేరే పరీక్ష ఉంది. కానిస్టేబుల్, ఎస్సై పోస్టులను రాష్ట్ర పోలీసు నియామక మండలి భర్తీ చేస్తుంది. డీఎస్పీలను పబ్లిక్ సర్వీస్ కమిషన్ గ్రూప్-1 ద్వారా తీసుకుంటారు. యూపీఎస్సీ ద్వారా ఐపీఎస్‌కు ఎంపికైనవారు ఏఎస్పీగా, అంటే అసిస్టెంట్ ఎస్పీగా మొదలవుతారు. హెడ్ కానిస్టేబుల్, ఏఎస్సై, ఇన్‌స్పెక్టర్ హోదాలు మాత్రం పదోన్నతితోనే వస్తాయి. అందుకే స్టేషన్‌లో పాతికేళ్లు పనిచేసిన ఏఎస్సై నిన్నమొన్న వచ్చిన ఎస్సైకి సెల్యూట్ చేయడం చూస్తాం. ఆ ఊరి చరిత్ర, పాత నేరస్తుల జాతకాలు తెలిసినది మాత్రం ఆ ఏఎస్సైకే.

జిల్లా వేరు, కమిషనరేట్ వేరు

జిల్లాలో వరస ఇలా ఉంటుంది: స్టేషన్, దానిపై సర్కిల్, దానిపై డీఎస్పీ చూసే సబ్‌డివిజన్, ఆపైన ఎస్పీ. కొన్ని జిల్లాలు కలిస్తే డీఐజీ లేదా ఐజీ పర్యవేక్షణ వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఏలూరు, గుంటూరు వంటి రేంజ్‌లు అలాంటివే. రాష్ట్రం మొత్తానికి డీజీపీ. కమిషనరేట్‌లో, అంటే ఎస్పీకి బదులు పోలీస్ కమిషనర్ చూసే నగర ప్రాంతంలో పని అదే, పేర్లు మారతాయి. డీఎస్పీ స్థానంలో డివిజన్‌కు ఏసీపీ, ఎస్పీ స్థానంలో జోన్‌కు డీసీపీ, అందరిపైనా పోలీస్ కమిషనర్ ఉంటారు. హైదరాబాద్, సైబరాబాద్, వరంగల్, కరీంనగర్, విజయవాడ, విశాఖపట్నంలో ఉన్నది ఈ పద్ధతే.

పేర్ల మార్పు వెనక అధికారాల తేడా కూడా ఉంది. జిల్లాలో నలుగురు గుమికూడవద్దని నిషేధాజ్ఞలు ఇవ్వాలన్నా, రౌడీషీటరును బైండోవర్ చేయాలన్నా, అంటే సత్ప్రవర్తనతో ఉంటానని బాండు రాయించాలన్నా, పోలీసులు కలెక్టర్, ఆర్డీఓ, తహసీల్దార్ వంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ల దగ్గరకు వెళ్లాలి. కమిషనరేట్‌లో ఆ అధికారాలు చాలావరకు కమిషనర్ చేతిలోనే ఉంటాయి. హైదరాబాద్ నగరానికైతే నిజాం కాలపు 1348 ఫస్లీ (అప్పట్లో వాడిన సంవత్సరాల లెక్క) నాటి నగర పోలీసు చట్టం కూడా ఉంది. సభకో ఊరేగింపుకో అనుమతి కోరి వెళ్లినప్పుడు చేతికొచ్చే ఉత్తర్వులో ఆ పాత సంవత్సరం కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఖాకీ వేసుకున్న ప్రతివారూ కేసు కట్టరు

జిల్లా కేంద్రంలో కనిపించే ఆర్మ్‌డ్ రిజర్వ్ సిబ్బంది ఖైదీలకు ఎస్కార్టుగా వెళ్లడం, ప్రముఖులకు, ఖజానాలకు కాపలా కాయడం వంటివి చూస్తారు. రాష్ట్ర స్పెషల్ పోలీస్ బెటాలియన్లు అల్లర్లు, ఎన్నికలు, పెద్ద జాతరల బందోబస్తుకు వస్తాయి. వీరిలో రిజర్వ్ ఇన్‌స్పెక్టర్‌కు మూడు నక్షత్రాలున్నా, మీ ఇంట్లో జరిగిన దొంగతనం ఆయన పరిధిలోకి రాదు. 1989లో మావోయిస్టులను ఎదుర్కోవడానికి ఏర్పడిన గ్రేహౌండ్స్ కూడా అంతే. హోంగార్డులు సహాయక దళం మాత్రమే. సీఐడీకి కేసులు సాధారణంగా ప్రభుత్వమో, డీజీపీయో బదిలీ చేస్తేనే వెళ్తాయి, ‘నా కేసు సీఐడీకి ఇవ్వండి’ అని స్టేషన్‌లో అడిగి లాభం లేదు.

లంచం అడిగితే వెళ్లాల్సిన అవినీతి నిరోధక శాఖ జిల్లా ఎస్పీ కింద ఉండదు. దాని నిర్మాణం, బాధ్యతలు వేరు; తెలంగాణలో దాని టోల్‌ఫ్రీ నంబరు 1064. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే మాత్రం ముందు 1930కి ఫోన్ చేయండి, స్టేషన్‌కు తర్వాత వెళ్లవచ్చు, ఎందుకంటే డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారేలోపు ఆపించగలిగితేనే ఫలితం ఉంటుంది. తెలంగాణలో బహిరంగ ప్రదేశాల్లో, బస్సుల్లో, ఫోన్లో వేధింపులకు 2014 అక్టోబరు 24న హైదరాబాద్‌లో మొదలైన షీ టీమ్స్ ఉన్నాయి. ప్రాణాపాయం ఉంటే ఏ ఆలోచనా లేకుండా 112.

హోదాతో ముడిపడిన అధికారాలు

కొన్ని పనులు ఫలానా హోదావారే చేయాలని చట్టం నిర్దేశిస్తుంది. వాటిని తెలుసుకుంటే ఎవరిని కలవాలో మీకే అర్థమవుతుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నమోదైన కేసును డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి, కాబట్టి ఆ కేసుల్లో మీరు మాట్లాడాల్సింది సబ్‌డివిజన్ కార్యాలయంతో. ఐటీ చట్టం కింద దర్యాప్తుకు కనీస హోదా ఇన్‌స్పెక్టర్. మూడేళ్లు లేదా అంతకు పైబడి, ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాల్లో ప్రాథమిక విచారణ జరుపుతామని పోలీసులు అంటే, దానికి డీఎస్పీ ముందస్తు అనుమతి కావాలి, 14 రోజుల్లో ముగియాలి. మూడేళ్ల లోపు శిక్షపడే నేరంలో 60 ఏళ్లు దాటినవారినీ, శారీరకంగా బలహీనంగా ఉన్నవారినీ అరెస్టు చేయాలన్నా డీఎస్పీ అనుమతి తప్పనిసరి.

ఫిర్యాదు ఇచ్చే క్రమం

తెల్లకాగితం మీద స్టేషన్ హౌస్ ఆఫీసర్‌ను సంబోధిస్తూ రాయండి. వ్యక్తి పేరు అవసరం లేదు, హోదా చాలు. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ చోట, ఏం జరిగింది, ఎవరు చూశారు, ఏ వస్తువు పోయింది అన్నవి జరిగిన వరసలోనే ఉండాలి. బండి పోతే రిజిస్ట్రేషన్ నంబరుతోపాటు ఇంజిన్, ఛాసిస్ నంబర్లు, ఫోను పోతే ఐఎంఈఐ నంబరు రాయండి. చట్టాల సెక్షన్లు మీరు రాయనక్కర్లేదు, అవి పెట్టే బాధ్యత వారిది. రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ దగ్గర ఉంచుకునే ప్రతి మీద స్టేషన్ ముద్ర, తేదీ, తీసుకున్నవారి సంతకం వేయించుకోండి. తర్వాత పై మెట్టు ఎక్కాల్సి వస్తే మీ చేతిలో ఉండే ఆధారం ఇదే.

నేరం జరిగింది మా పరిధిలో కాదు అన్నా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. ఖమ్మం నుంచి హైదరాబాద్ వచ్చే బస్సులో సంచి పోయిందని దిగాక గమనించినవారు అక్కడే ఫిర్యాదు ఇవ్వవచ్చు. దాన్ని జీరో ఎఫ్ఐఆర్‌గా నమోదు చేసి సంబంధిత స్టేషన్‌కు పంపడం వారి పని. ఎలక్ట్రానిక్ రూపంలో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్‌ను మీకు చదివి వినిపించాలి, ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. పోలీసులు నేరుగా దర్యాప్తు చేయగల నేరం ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్ఐఆర్ తప్పనిసరి అని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లో తేల్చింది. అలాంటి నేరం కానప్పుడు వివరాలు రాసుకుని మిమ్మల్ని మేజిస్ట్రేట్ దగ్గరకు పంపుతారు. ఇక పొలం హద్దు, అప్పు బాకీ వంటివి సివిల్ వ్యవహారాలు, వాటిని స్టేషన్‌లో ‘సెటిల్’ చేయించుకోవాలని చూడటం రెండువైపులా ప్రమాదమే.

స్టేషన్‌లో తీసుకోకపోతే సీఐనో ఏసీపీనో కలవవచ్చు. ఎస్‌హెచ్‌ఓకు పైనున్న అధికారులకు తమ పరిధిలో ఆయన అధికారాలన్నీ ఉంటాయి. మాటతో పని కాకపోతే సురక్షా సంహిత 173(4) ప్రకారం విషయాన్ని రాతపూర్వకంగా పోస్టులో జిల్లా ఎస్పీకి పంపండి. కమిషనరేట్ అయితే డీసీపీకి పంపాలి. రిజిస్టర్డ్ పోస్టు రసీదు దాచుకోండి. అప్పటికీ కదలిక లేకపోతే ఆ రసీదు, స్టేషన్ ముద్ర ఉన్న ప్రతి, ప్రమాణపత్రం జతచేసి మేజిస్ట్రేట్‌ను ఆశ్రయిస్తే దర్యాప్తుకు ఆదేశించే అధికారం కోర్టుకు ఉంది. ఎస్పీ మెట్టు దాటవేసి నేరుగా కోర్టుకు వెళ్తే అర్జీ నిలవకపోవచ్చు.

కేసు నమోదయ్యాక దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు తెలియజేయాలని చట్టం చెబుతోంది. అడగడానికి వెళ్లేటప్పుడు ఎఫ్ఐఆర్ నంబరు, సంవత్సరం, స్టేషన్ పేరు, దర్యాప్తు అధికారి హోదా రాసుకుని వెళ్లండి. మధ్యలో ఎస్సై బదిలీ అయితే కేస్ డైరీ, అంటే దర్యాప్తు వివరాలు రాసే పుస్తకం, ఆయన వెంట వెళ్లదు, ఆ కుర్చీలోకి వచ్చినవారికి అప్పగిస్తారు. కొత్తగా వచ్చినవారికి మీ కథ మొదటినుంచీ చెప్పాల్సిన పని లేదు, ఆ నంబరు చెబితే ఫైలు తీసి చూస్తారు.