కొత్త నేలలో ముదురు జింకపోతు: జాడ తీసి, కాచుకుని, ఫొటో పట్టడం

కర్నూలు పడమటి మండలాల్లో, అనంతపురం ఉత్తరాన ఉన్న నల్లరేగడిలో కృష్ణజింకను చూడటం పెద్ద పనేం కాదు. ఆలూరు, ఆస్పరి వైపైనా, ఉరవకొండ, విడపనకల్లు వైపైనా రోడ్డు మీద పోతుంటేనే మందలు కనబడతాయి. నాలుగు మెలికల కొమ్ములున్న ముదురు పోతును ఎనభై మీటర్ల దూరంలో, అది బెదరకుండా, పొద్దుటెండలో కెమెరాకు చిక్కించుకోవడం మాత్రం వేరే సంగతి. అందులో ముప్పాతిక పని కెమెరా సంచిలోంచి బయటికి తీయకముందే అయిపోవాలి.

అమెరికా పడమటి రాష్ట్రాల్లో విల్లు పట్టుకుని మ్యూల్ డీర్ అనే అక్కడి జింకల వెంట పడేవాళ్ల వీడియోలు చూసి ఈ దారి పట్టినవాళ్లు మనలో చాలామంది. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది నిజంగానే ఉంది: ముక్కూ మొహం తెలియని నేలను మ్యాపులో చదవడం, గంటల తరబడి దూరాన కూర్చుని చూడటం, ముదురు పోతు అలవాటు తెలిశాకే అడుగు కదపడం. బాణాన్ని మాత్రం అక్కడే వదిలేయాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూల్లో, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. వేటాడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. ఇంకో మాట చాలామందికి తెలియదు: ఆ చట్టం లెక్కలో వేటంటే చంపడం ఒక్కటే కాదు, ఉచ్చు పన్నడం, తరమడం, ఎర పెట్టడం కూడా అందులోకే వస్తాయి. మోటారుసైకిలుతో మందను తరిమి, అవి గాల్లోకి ఎగిరితే ఫొటో తీసుకునే అలవాటున్నవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోవాలి.

ఇంట్లో కూర్చుని చేసే పని

గూగుల్ ఎర్త్ కంప్యూటర్లో తెరిచి, పాత చిత్రాల్లోకి వెళ్లి, ఏప్రిల్, మే నెలల్లో తీసిన చిత్రం ఎంచుకోండి. వానాకాలం చిత్రంలో అంతా పచ్చగానే ఉంటుంది, ఏదీ తెలియదు. ఎండాకాలం చిత్రంలో బీడు వేరు, దున్నిన చేను వేరు, నీళ్లు మిగిలిన కుంట వేరు అని ఇట్టే తేలిపోతుంది. ఇస్రో వాళ్ల మ్యాపు సైటు భువన్‌ను కూడా పక్కన పెట్టుకుంటే మంచిది.

వెతకాల్సినవి మూడు, ఒకదానికొకటి దగ్గర్లో: దున్నకుండా వదిలేసిన బీడు, ఎండాకాలంలోనూ తడి ఆరని కుంట, మనిషి కనబడకుండా నడవడానికి వీలైన వంక. మొదటి రెండూ జింక కోసం, మూడోది మన కోసం. కంపచెట్లు దట్టంగా అల్లుకున్న చోటు చూసి మురిసిపోవద్దు. దుప్పి, కణితి పొదల్లో దాక్కుంటాయి గానీ కృష్ణజింక ప్రాణం దాని కళ్ల మీద, కాళ్ల మీద ఆధారపడి ఉంది. నాలుగు దిక్కులూ కనబడే బయలే దానికి ఇల్లు. గంటకు 80 కిలోమీటర్ల దాకా పరుగెత్తగల జంతువుకు పొదతో పనేముంది?

బొత్తిగా కొత్తవాళ్లు మొదటిసారి రోళ్లపాడుకు పోవడం మేలు. బట్టమేక పక్షి కోసం 1988లో ఏర్పాటైన 614 హెక్టార్ల అభయారణ్యం అది, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. అక్కడ కృష్ణజింకలు మనిషిని, బండిని కొంత ఓర్చుకుంటాయి కాబట్టి ప్రవర్తన చదవడం త్వరగా అబ్బుతుంది. అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి పోకూడదు, ఫొటోలకూ అనుమతి ఉండాలి.

ఎప్పుడు పోవాలి

రెండు కాలాలు బాగుంటాయి. శనగ కోత అయిపోయిన ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా ఒకటి, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఇంకొకటి. జతకట్టే జోరు ఈ రెండు కాలాల్లోనే ఎక్కువ. పోతులు హద్దులు కట్టుకుని ఒకేచోట తిరుగుతాయి. మిగతా రోజుల్లో ముదురు పోతు కూడా మగమందలో కలిసి ఎటో పోతుంది, ఎదురుచూసిందంతా వృథా.

రెండింటిలో మార్చి నయం. చేలు ఖాళీగా ఉంటాయి, ఎవరి పంటా తొక్కం, నీళ్లు తగ్గిపోయి ఉంటాయి కాబట్టి కుంట దారి పట్టుకుంటే చాలు. సెప్టెంబరులో రేగడి మీద ఒక మోస్తరు వాన పడిందంటే మట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ముద్దలా ఇరుక్కుని బండి తోసినా కదలదు. ఆ కాలంలో బండి తారు రోడ్డు మీదో కంకర బాట మీదో ఆపేసి నడవాల్సిందే.

ఎవర్ని, ఎట్లా అడగాలి

ఊళ్లో దిగీ దిగగానే "జింకలు యాడుంటాయి?" అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు. వేటగాడనుకుంటారు, లేదా ఆఫీసరనుకుంటారు. ముందు అటవీ శాఖ బీట్ ఆఫీసరుకు ఒక మాట చెప్పి, ఆ తర్వాత గొర్రెల కాపరి దగ్గర కూర్చోండి. అడగాల్సిన ప్రశ్న: "అన్నా, ఈ తూరి ఎవురి చేన్లో ఎక్కువ తినిపోయినాయి?" జవాబు దానంతటదే వస్తుంది, కోపంతో సహా. వేరుశనగ, శనగ మొలకలు పోగొట్టుకున్న రైతుకు ఏ పొద్దున ఎటునుంచి వచ్చి ఎటు పోతాయో నోటికొచ్చి ఉంటుంది. చేనుగలాయన సరేనంటేనే గెనిమ (చేను గట్టు) దాటండి. అంత నష్టపోయినాయన ముందు జింక అందం గురించి మాట్లాడకపోవడం మర్యాద.

నేల మీద గుర్తులు

కుంట అంచున తడిమట్టిలో అడుగులు చూడండి. గొర్రె అడుగు ముందు మొన మొద్దుగా ఉంటుంది. జింక అడుగు మొన సన్నగా, బాణపు ములికిలా దిగబడి ఉంటుంది. ఉరికిన అడుగైతే రెండు గిట్టలూ విడిపోయి, వెనక మట్టి ఎగజిమ్మి ఉంటుంది. అలాంటివే ఎక్కువగా ఉంటే అక్కడ కుక్కల బెడదో మనుషుల బెడదో ఉందని లెక్క. వేరే చోటు చూసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు పెంటికల కుప్ప. హద్దు కట్టుకున్న పోతు మళ్లీ మళ్లీ ఒకే చోటికి వచ్చి పెంటికలు వేస్తుంది. ఆడవి, పిల్లవి నడుస్తూ నడుస్తూ చెదురుగా వేస్తాయి. కాబట్టి బోసి నేల మీద కుప్పగా కనబడితే ఆగి, వంగి చూడండి. పైన నల్లగా, నిగనిగలాడుతూ, వేలితో నొక్కితే అణిగేవి ఉండి, కింద బూడిదరంగుకు తిరిగి పొడిపొడిగా విరిగేవి ఉంటే కుప్ప పాతదే, వాడకం మాత్రం ఇప్పటిది. మనకు కావాల్సింది సరిగ్గా అదే. అంతా బూడిదరంగే అయితే ఆ పోతు హద్దు వదిలేసినట్టు. కుప్ప చుట్టుపక్కల గడ్డి పరకల కొసల్లో, పుల్లల మొనల్లో నల్లటి జిగురు అంటుకుని ఉందేమో కూడా చూడండి. కంటి కింది గ్రంథిని రుద్ది పెట్టే గుర్తది.

కుప్పను తొక్కొద్దు, దాని పక్కన ఎక్కువసేపు ఉండొద్దు. జీపీఎస్‌లో గుర్తు పెట్టుకుని వచ్చేయండి.

ముదురుదని ఎట్లా తెలుస్తుంది

మ్యూల్ డీర్ కొమ్ములు ఏటా రాలిపోయి కొత్తవి మొలుస్తాయి. కృష్ణజింకవి రాలవు, ఏటికేడు పెరుగుతూనే పోతాయి. అందుకే ఇక్కడ వయసు లెక్క కొమ్ములోనే ఉంటుంది. మెలిక లేని సూది కొమ్ములైతే ఏడాది పిల్ల. ఒక మెలిక వదులుగా తిరిగితే ఇంకా కుర్రది. మూడు, నాలుగు మెలికలు బిగువుగా తిరిగి, రెండు కొమ్ములూ 'వి' ఆకారంలో విచ్చుకుని, పొడవు తలకు రెట్టింపు దాటితే అది ముదురు పోతు.

రంగును నమ్ముకుని మోసపోయేవాళ్లే ఎక్కువ. ఉత్తరాదిలోలాగా మన వైపు పోతులు అన్నీ కాటుక నలుపుకు తిరగవు. చాలావాటిది ముదురు గోధుమరంగు దగ్గరే ఆగుతుంది, పైగా జోరు తగ్గి వెంట్రుక మారితే ఆ నలుపూ వెలిసిపోతుంది. రంగు కంటే నడక నయం. హద్దులో ఉన్న పోతు ముక్కు పైకెత్తి, కొమ్ములు మెడ మీదికి వాల్చి, చెవులు కిందికి వేసి, బిగుసుకుని నడుస్తుంది. మిట్టమధ్యాహ్నం మంద అంతా నీడకు పోయినా బోసి నేల మీద ఒంటరిగా నిలబడ్డదాన్ని చూస్తే అనుమానం అక్కర్లేదు.

మొదటి రెండు రోజులు ఊరికే చూడటం

8x42 లేదా 10x42 బైనాక్యులర్ చాలు. అంతకంటే పెద్దది చేతిలో వణుకుతుంది. కుప్పకు అర కిలోమీటరు దూరంలో ఏదైనా మిట్ట మీద, పొద్దు వీపున ఉండేట్టు కూర్చోండి. బయలును ఎడమ నుంచి కుడికి పట్టీలు పట్టీలుగా చూస్తూ పోవాలి. పోతు కోసం వెతక్కుండా ముందు ఆడమందను పట్టుకోండి, పోతు దాని దారి అంచునే ఉంటుంది. తొమ్మిది దాటితే నేల మీద గాలి మరిగి కొమ్ము మెలికలు అలలా కదిలిపోతాయి, అప్పుడు లెక్కపెట్టడం దండగ. ఫొటోకూ అదే వర్తిస్తుంది. ఎంత ఖరీదైన లెన్స్ అయినా ఎండమావి వెనక ఉన్నదాన్ని స్పష్టంగా తీయలేదు.

పుస్తకంలో రాసుకోవాల్సింది కొంచెమే: పోతు కుప్ప దగ్గరికి వచ్చిన వేళ, వచ్చిన దిక్కు, పోయిన దిక్కు, కొమ్ముకు ఏదైనా గుర్తు. రెండు రోజులూ ఒకే వైపు నుంచి వస్తే మూడో రోజు మీది.

కాచుకోవడం

ఇక్కడ చాలామంది చేసే తప్పు నడుచుకుంటూ పోవడం. బయలులో జింక దగ్గరికి నడిచి గెలవలేం. దానికి కాపరి నడక తెలుసు, ట్రాక్టరు తెలుసు, ఎద్దులబండి తెలుసు. వంగి వంగి, ఆగి ఆగి వచ్చే మనిషిని చూస్తే మాత్రం తోడేలు పొంచి వస్తున్నట్టే ఉంటుంది దానికి. తిరిగొచ్చే చోటికి ముందే చేరి కూర్చోవడమే పద్ధతి.

కుప్పకు 70, 80 మీటర్ల తూర్పున ఒక గెనిమో పొదో ముందురోజు సాయంత్రమే చూసిపెట్టుకోండి. క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరాకు 600 ఎంఎం లెన్స్ వేస్తే 80 మీటర్ల దగ్గర ఫ్రేము వెడల్పు సుమారు 3 మీటర్లు, మీటరుంబావు పొడవున్న పోతు అందులో మూడో వంతు దాటి నిండుతుంది. 400 ఎంఎంతో 100 మీటర్ల నుంచి తీస్తే అయిదో వంతే. ఇంకా దగ్గరికి పోవాలన్న ఆశ అక్కర్లేదు.

పొద్దు పొడవడానికి గంట ముందే కూర్చుని ఉండాలి, అంటే మార్చిలో అయిదున్నరకల్లా. పోయే దారి కూడా వెలుగులో చూసుకున్నదే అయి ఉండాలి, టార్చి వెలిగించుకునే నడవాలి. కారణం భయపెట్టడానికి చెప్పేది కాదు: గట్టు లేని పాత బావులు, రక్తపింజరి, అడవిపందుల కోసం చేను చుట్టూ దొంగతనంగా లాగిన కరెంటు తీగ. మూడూ చీకట్లో కనబడవు. పంట ఉన్న చేను గెనిమను చీకట్లో అసలు దాటొద్దు.

నేల రంగు బట్టలు వేసుకోండి. రేగడి మీద ముదురు గోధుమ, ఎండుగడ్డిలో ఖాకీ. ముఖం, చేతులు కప్పుకోవాలి, అక్కడే కదలిక ఎక్కువ. ఇంకొకటి ఎవరూ పట్టించుకోరు. పొద్దు వీపున ఉంటే మన నీడ ముందుకు పది పదిహేను మీటర్లు సాగుతుంది. చెయ్యి కొంచెం ఎత్తితే నేల మీద ఒక కొమ్మ ఊగినట్టు కనబడుతుంది. అందుకే పొద నీడ మన నీడను మింగేసేలా కూర్చోవాలి. కెమెరా నేలకు ఒక మూర ఎత్తులో, చిన్న బియ్యం సంచి మీద ఉంటే చాలు. ఆ ఎత్తునుంచి తీస్తే కొమ్ములు ఆకాశం మీదికి వస్తాయి.

నడుస్తున్నదానికి షట్టర్ 1/1000 సెకను, ఉరికేదానికి 1/2500, లెన్స్ తెరుపు (ఎపర్చర్) ఎఫ్ 6.3, వెలుగును పట్టే సున్నితత్వం (ఐఎస్‌ఓ) ఆటో. నల్లటి ఒళ్లు ఫ్రేములో ఎక్కువ నిండితే కెమెరా వెలుగు పెంచేస్తుంది, కంటి చుట్టూ ఉన్న తెల్లటి వలయం, తెల్లటి పొట్ట కాలిపోతాయి. ఎక్స్‌పోజర్ మైనస్ 0.7కు దించండి. ఫోకస్ కంటి మీదే.

పోతు తల దించి ఉన్నప్పుడే కదలండి. తల ఎత్తిందంటే వేలు కూడా కదపొద్దు. మెడ సాచి ఒకేవైపు చూస్తూ నిలబడటం మొదటి హెచ్చరిక. మందలో ఒక ఆడజింక నిటారుగా గాల్లోకి ఎగిరిందంటే కథ అయిపోయినట్టే. వెంట పడొద్దు, అక్కడే అరగంట పడుకుండిపోండి. హద్దున్న పోతు తరచూ తిరిగొస్తుంది, మంద రాకపోయినా సరే.

గడ్డిలో ఒంటరిగా పడుకున్న పిల్ల కనబడితే తల్లి వదిలేసిందనుకోవద్దు, తాకొద్దు. తల్లే దాచిపెట్టి మేతకు పోయి ఉంటుంది. ఉచ్చు కనబడితే చోటు గుర్తుపెట్టుకుని, ఫొటో తీసి అటవీ శాఖకు చెప్పండి.

లేచేటప్పుడు కూడా మంద దూరం జరిగాకే లేవాలి, కుప్పకు ఎదురుగా కాకుండా వెనకవైపు నుంచి వంకలోకి దిగిపోవాలి. ఫొటో ఎక్కడైనా పెట్టేముందు దాంట్లోంచి జీపీఎస్ వివరం తీసేయండి, ఊరి పేరు కూడా రాయొద్దు, జిల్లా పేరు చాలు. పుస్తకంలో మాత్రం అన్నీ ఉండాలి, కుడి కొమ్ము మొన విరిగిందన్న దాకా. రెండు వారాల తర్వాత అదే కుప్ప మీద ఇంకో పోతు నిలబడి ఉండొచ్చు. పాతదా కొత్తదా అని తేల్చేది ఆ విరిగిన మొనే.